పొగడకొండ చెప్పుల స్టాండు పేటెంటు వివాదం

పొగడకొండ వేణుగోపాలస్వామి దేవస్థానానికి వెబ్‌సైటు పెట్టించాలన్న ఆలోచన ఈవో రుద్రరాజు గారిది. పక్క జిల్లా దేవుడికి అప్పటికే వెబ్‌సైటు ఉంది. మన దేవుడికి లేకపోవడం ఆయనకు నిద్ర పట్టనివ్వలేదు. దేవుడికి పట్టిందో లేదో ఎవరూ అడగలేదు.

సైటు బాగానే తయారైంది. భక్తులు తమ పేరున జరిగిన అర్చన వీడియోను ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఒకసారి చూసినవాళ్లు మళ్లీ తెరిస్తే సైటు వాళ్లను గుర్తుపట్టేది. క్రితంసారి ఎక్కడ ఆపారో అక్కడినుంచి వీడియో మొదలుపెట్టి, దాని వెనకే ఆ వీడియోకు జతచేసిన కీర్తన వినిపించేది. భక్తులు స్వామి తమను పేరుపేరునా గుర్తుపెట్టుకున్నాడని మురిసిపోయారు. ఆ మురిపెం మీదే నోటీసు వచ్చి పడింది.

పంపింది నగరంలోని జ్ఞాపికా టెక్నాలజీస్ అనే కంపెనీ. ఆ కంపెనీ ఏ వస్తువూ తయారుచెయ్యదు. ఎవరో ఎప్పుడో తీసుకున్న పేటెంట్లను కొని పెట్టుకుని, వాటిని అతిక్రమించినవాళ్లు ఎక్కడున్నారా అని వెతుకుతూ ఉంటుంది. అది కూడా పనే కాబట్టి అందులో ఉద్యోగులున్నారు.

రుద్రరాజు గారు నోటీసు రెండుసార్లు చదివి, దేవస్థానం ప్లీడరు వడ్లమాని సోమయాజులు గారిని పిలిపించారు.

"ఏవండీ ప్లీడరు గారూ, మన సైట్లో కుకీలు ఉన్నాయని రాశాడు. కుకీలంటే బేకరీ సరుకు కదా. దేవుడి సైట్లోకి అవెలా వచ్చాయి? అందులో గుడ్డు కలుపుతారని కూడా విన్నాను."

"ఇవి తినేవి కాదండి," అన్నారు సోమయాజులు గారు. "మన సైటు చూసినవాడి కంప్యూటర్లో సైటు ఒక చిన్న గుర్తు పెట్టి పంపిస్తుంది. దాన్నే కుకీ అంటారు. వాడు మళ్లీ వచ్చినప్పుడు ఆ గుర్తు చూసి, వీడు ఫలానావాడు, వీడి ఫైళ్లు ఫలానావి అని తీసి ఇస్తుంది. ఈ పద్ధతి మాది, మీరు వాడకూడదు అంటున్నారు వాళ్లు."

అంటూనే ఆయన మాట ఆపేశారు. ఆఫీసు కిటికీలోంచి కొండ మెట్ల మొదట్లో చెప్పుల స్టాండు కనిపిస్తోంది. స్టాండు వేలంలో పాడుకున్న గుబ్బల నాగరత్నం ఎవరికో ఇత్తడి బిళ్ల ఇస్తోంది. దర్శనం చేసుకుని దిగివచ్చిన ఇంకెవరో బిళ్ల చూపించి చెప్పులు తీసుకుంటున్నారు.

"రాజుగారూ," అన్నారు ప్లీడరు గారు నెమ్మదిగా, "వీళ్లు కనిపెట్టామంటున్నది మన చెప్పుల స్టాండండి."

పేటెంటు కాగితంలో ఉన్న మాటలు కూడా అలాగే ఉన్నాయి. 'సందర్శకునకు ఒక గుర్తును ఒసగుట. అతడు తిరిగి వచ్చినపుడు ఆ గుర్తునుబట్టి అతనిని పోల్చుకొనుట. అతనికి సంబంధించియుండి, పరస్పరము అనుసంధానింపబడిన వాటిని అతనికి అందజేయుట.' అందులో కంప్యూటరు అన్న మాట ఎక్కడా లేదు. పేటెంటు ఎంత విశాలంగా ఉంటే అంత మంచిదని రాసినవాడు దాన్ని వదిలేశాడు.

కేసు గెలిచేసినట్టే అనుకుని సోమయాజులు గారు నగరానికి వెళ్లారు.

అక్కడ పేటెంటు ఫిర్యాదుల విచారణాధికారి పేరు అనంతపద్మనాభం గారు. ఆయన ముందు సోమయాజులు గారు గంటసేపు మాట్లాడారు. కంప్యూటరు అన్నది పుట్టకముందే పొగడకొండ మీద ఈ పద్ధతి ఉందన్నారు. ఇత్తడి బిళ్లే కుకీ అన్నారు. చెప్పుల జతే అనుసంధానిత ఫైళ్లు అన్నారు. ఎడమది దొరికితే కుడిది దానంతట అది దొరకడమే అనుసంధానం అని చెయ్యి ఊపి మరీ చెప్పారు. జ్ఞాపికా వారి ప్రతినిధి మధుకర్ ఒక్క మాటకూ అడ్డు చెప్పకుండా అన్నీ రాసుకున్నాడు. అప్పుడైనా ప్లీడరు గారికి అనుమానం రావలసింది.

మధ్యంతర ఉత్తర్వు ఇలా వచ్చింది.

'ప్రతివాది దేవస్థానము వారు వివాదాస్పద పద్ధతిని వెబ్‌సైటునందే గాక చెప్పుల స్టాండునందు కూడ చిరకాలముగా అవలంబించుచున్నట్లు తమ న్యాయవాది ముఖతః స్వచ్ఛందముగా అంగీకరించియున్నారు. ఎవరిది ముందు, ఎవరిది వెనుక అను విషయము తుది తీర్పునందు పరిశీలింపబడును. అంతవరకు సదరు పద్ధతిని వెబ్‌సైటునందును, స్టాండునందును, దేవస్థానము పరిధిలో మరెచ్చటనైనను అవలంబింపరాదు.'

"మన వాదన పూర్తిగా ఒప్పుకున్నారండి," అన్నారు సోమయాజులు గారు తిరిగి వచ్చి. "చెప్పుల స్టాండూ కుకీలూ ఒకటేనని ఉత్తర్వులోనే రాశారు. ఇంత స్పష్టమైన విజయం నా సర్వీసులో చూడలేదు."

ఉత్తర్వు అన్నది వచ్చాక దాన్ని అమలుచెయ్యడంలో రుద్రరాజు గారిని మించినవారు ఆ శాఖలో లేరు. ఆ సాయంత్రమే నాగరత్నాన్ని పిలిపించారు.

"రేపటినుంచి భక్తులకు టోకెన్లు ఇవ్వకూడదు."

"టోకెనివ్వకపోతే ఎవరి చెప్పులెవరివో ఎలా తెలుస్తాయండి?"

"తెలియకూడదు. ఉత్తర్వు సారాంశం అదే."

నాగరత్నం ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. పెద్దాయన ఎండలో తిరిగి వచ్చాడేమో అనుకుంది. ఆమె స్టాండులో ఒక్క జత పోయిందన్న మాట ఇంతవరకు రాలేదు. చెప్పులు పోతాయన్న భయంతో గుళ్లో కళ్లు మూసుకోలేనివాళ్లు కూడా పొగడకొండ మీద నిశ్చింతగా మూసుకునేవారు. అది తన చలవేనని ఆమె నమ్మకం. స్వామి కాదనలేదు.

మర్నాడు బిళ్లలన్నీ సంచిలో కట్టి ఆఫీసుకు అప్పగించింది. వచ్చినవాళ్ల ముఖం చూసి, కాళ్లు చూసి, చెప్పులు పెట్టుకుంది. దిగివచ్చినవాళ్లకు తడుముకోకుండా ఎవరివి వాళ్లకు ఇచ్చేసింది. పని కాస్త నిదానించిందే తప్ప ఎక్కడా ఆగలేదు.

ఇది మధుకర్ దాకా వెళ్లింది. అతను రెండో నోటీసు పంపాడు. పేటెంటులో 'పోల్చుకొనుట' అనే మాట ఉందని, అది బిళ్లతో జరిగినా, బుర్రతో జరిగినా భంగమేనని అందులో రాశాడు. సోమయాజులు గారు నోటీసును వెలుతురుకు పెట్టి చూసి, న్యాయపరంగా బలంగా ఉందన్నారు.

రుద్రరాజు గారు సర్క్యులరు జారీచేశారు. 'దేవస్థానము సిబ్బంది, పాటదారులు, అర్చకస్వాములు విధినిర్వహణ సమయమున ఏ వ్యక్తినీ గుర్తుపట్టరాదు. పొరపాటున గుర్తుపట్టినచో ఆ విషయమును బయటకు కనబరచరాదు.' అందరిచేతా సంతకాలు పెట్టించారు. స్టాండు దగ్గర ఒక గుమాస్తాకు కుర్చీ వేశారు. ఎవరైనా ఎవరినైనా గుర్తుపడుతున్నారేమో కనిపెట్టి చూడడం అతని ఉద్యోగం.

మధ్యాహ్నం నాగరత్నం భర్త సూరిబాబు క్యారేజీ పట్టుకుని వచ్చాడు.

"ఎవరండీ మీరు?" అంది నాగరత్నం.

సూరిబాబు వెనక్కి తిరిగి చూసుకున్నాడు. వెనక ఎవరూ లేరు. "పొద్దున్న ఇంట్లో బానే ఉన్నావు కదే," అన్నాడు.

"ఆ క్యారేజీ ఆ బల్ల మీద పెట్టి ఎల్లండి. ఎవరిదని అడక్కుండా తింటాను."

గుమాస్తా తల ఊపి, భంగం జరగలేదని రాసుకున్నాడు.

గర్భగుడిలో ప్రధానార్చకులు శేషాచార్యులు గారికి ఇంకా చిక్కొచ్చింది. చిన్నప్పటినుంచి చూస్తున్న భక్తుల గోత్రాలు వాళ్లు నోరు తెరవకముందే ఆయన నోటికి వచ్చేస్తాయి. ఇప్పుడు అది నేరం. ఆయన కళ్లు మూసుకుని, 'ఎదురుగా ఉన్నవారెవరో వారి గోత్రోద్భవస్య' అని కానిచ్చేస్తున్నారు. కల్యాణకట్టలో ఒక మంగలి సగం గుండు గీసి, నీళ్లు తెచ్చుకోవడానికి వెళ్లి వచ్చాడు. ఎదురుగా సగం గుండుతో ఉన్న మనిషి తను మొదలుపెట్టినవాడే అని తేల్చుకునే అధికారం అతనికి లేకపోయింది. ఆ భక్తుడు మళ్లీ వరసలో నిలబడి కొత్త తలగా వచ్చాడు.

ఇంతలో మధుకర్ మూడో నోటీసు వచ్చింది. అది సోమయాజులు గారు తవ్విన గోతిలోంచే వచ్చింది. ఎడమ చెప్పూ కుడి చెప్పూ అనుసంధానిత ఫైళ్లేనని తమరే వాదించారు కదా, మరి స్టాండులో వాటిని జంటగా ఉంచడం ఏ చట్టం కింద అని మధుకర్ అడిగాడు.

"ఒక చెప్పు చూపించి రెండోది తీసుకుంటే, మొదటి చెప్పు టోకెనే కదండి," అన్నారు సోమయాజులు గారు దిగులుగా.

"అయితే విడదీద్దాం," అన్నారు రుద్రరాజు గారు.

మెట్లకు తూర్పున ఒక పాక, పడమర ఒక పాక వేశారు. ఎడమ చెప్పులన్నీ తూర్పు పాకలోకి, కుడి చెప్పులన్నీ పడమటి పాకలోకి పోయాయి. రెండు పాకలకూ మధ్య ఎలాంటి సంబంధమూ లేదని బోర్డు పెట్టారు. దిగివచ్చిన భక్తుడు వెతక్కుండా తూర్పు పాకలోంచి చేతికందింది ఒకటి, పడమటి పాకలోంచి చేతికందింది ఒకటి తీసుకుని వెళ్లిపోవాలి. అవి తనవేనని పైకి అనకూడదు.

మొదటి వారం జనం తిట్టారు. ఎవరిని తిట్టాలో తెలియక నాగరత్నాన్ని తిట్టారు. అమలాపురం నుంచి వచ్చిన ఒక కొత్త కోడలు, అత్తగారు పెట్టిన వెండి పట్టీల చెప్పులు పోయాయని ఏడుస్తుంటే, అవి చెరో పాకలోనూ మూడో వరసలో ఉన్నాయని నాగరత్నానికి కనిపిస్తూనే ఉంది. గుమాస్తా ఆమె కళ్లు ఎటు చూస్తున్నాయో చూస్తున్నాడు. ఆమె తల దించుకుంది. ఆ రాత్రి సూరిబాబుతో, "నా చేత్తో నేను ఎవరి సొమ్మూ తియ్యలేదు. అయినా దొంగదానిలా ఉంది," అంది.

రెండో వారానికి జనం తెలివిమీరారు. తెగిన చెప్పులు వేసుకుని రావడం మొదలుపెట్టారు. మూడో వారానికి పొగడకొండ దిగువ ఊళ్లలో ఎవరి కాళ్లు చూసినా రెండు రంగులు. ఒక పెళ్లికొడుకు ఒక కాలికి తోలు చెప్పు, ఇంకో కాలికి ఆడవాళ్ల చెప్పు వేసుకుని పీటల దాకా నడిచాడు. స్వామివారి ప్రసాదం అన్నాడు. మంచి చెప్పులున్నవాళ్లు వాటిని ఇంట్లో వదిలి ఉత్తకాళ్లతో నడిచి వస్తే, ఇది భక్తి పెరగడమేనని రుద్రరాజు గారు పైకి నివేదిక పంపారు.

చివరికి స్థల పరిశీలనకు అనంతపద్మనాభం గారే స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది.

అధికారులు గుళ్లకు స్థల పరిశీలనకు వచ్చేటప్పుడు మామూలుగా కుటుంబంతో వస్తారు. ఆయనా అలాగే వచ్చారు. భార్య పట్టుచీరలో ఉన్నారు. ఇద్దరూ కారు దిగి, పూర్ణకుంభం ఏ వైపునుంచి వస్తుందా అని చూశారు. ఏ వైపునుంచీ రాలేదు. రుద్రరాజు గారు మెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు కానీ ఆయన చూపు వీళ్ల మీదుగా వెళ్లి దూరాన కొబ్బరితోటల్లో ఆగింది.

"నేను అనంతపద్మనాభాన్నండి," అన్నారు అధికారి.

"చాలా సంతోషం. ధర్మదర్శనం వరస అటుంది," అన్నారు రుద్రరాజు గారు.

"మీరు నన్ను గుర్తుపట్టినట్టు లేదు."

"లేదండి. తమరి ఉత్తర్వు మేరకు ఎవరినీ గుర్తుపట్టడం లేదు. తమరెవరో నాకు తెలిస్తే తప్పకుండా తెలియనట్టే ఉండేవాణ్ణి."

ఏడాదికోసారి వచ్చే యాత్రికుల బస్సులు ఆ పొద్దునే వచ్చి ఉన్నాయి. అనంతపద్మనాభం గారు, ఆయన భార్య, ఆ బస్సుల వెనక వరసలో నిలబడ్డారు. ముందున్న ముసలాయన ప్రతి నాలుగడుగులకూ తిరిగి, 'మీదేవూరు బాబూ' అని అడిగాడు. చెప్పింది మరిచిపోయి మళ్లీ అడిగాడు. ఆ ముసలాయన ఒక్కడే ఆ కొండ మీద సర్క్యులరును మనస్ఫూర్తిగా పాటిస్తున్నాడు. సాయంత్రానికి గర్భగుడి చేరితే, శేషాచార్యులు గారు కళ్లు మూసుకుని 'ఎదురుగా ఉన్నవారెవరో' అని మొదలుపెట్టారు. అధికారి భార్య, "ఇంత దూరం తీసుకొచ్చి నన్ను ఊరూ పేరూ లేనిదాన్ని చేశారు," అన్నారు.

తుది తీర్పు తొందరగానే వచ్చింది.

'పేటెంటు చెల్లును. అయితే సదరు దేవస్థానమున ఎవరును ఎవరినీ ఏ విధముగను గుర్తుపట్టుటలేదని ఈ అధికారి స్వానుభవమున నిశ్చయముగా ఎరిగియున్నారు. గుర్తుపట్టుటయే లేనిచోట భంగమను ప్రశ్నయే ఉదయింపదు. ఫిర్యాదు కొట్టివేయడమైనది. దేవస్థానము వారు ఈ స్థితినే కలకాలము కొనసాగింపవలెను.'

దేవస్థానం గెలిచింది. సోమయాజులు గారికి శాలువా కప్పారు. రుద్రరాజు గారు మైకులో మాట్లాడుతూ, మన విధానమే మనను కాపాడిందన్నారు. సభ వెనక నిలబడ్డ నాగరత్నం ఇక బిళ్లలు వెనక్కి ఇస్తారేమోనని అడగడానికే వచ్చింది. 'కలకాలము' అన్న మాట విని ఇంటికి వెళ్లిపోయింది.

ఆ తరువాత శనివారం ముత్యాలరావు గారు వచ్చారు. కింది ఊళ్లో ట్యూషన్లు చెప్పుకునే మనిషి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆయన ఎడమకాలు పొట్టిదైంది. ఆ కాలికి మందపాటి అట్ట వేసి కుట్టించిన చెప్పు ఉంటుంది. అది లేకపోతే నాలుగడుగులు నడిచినా నడుం పట్టేస్తుంది. గెలిచాం కదా, పాత పద్ధతి వచ్చేసి ఉంటుందనుకుని ఆయన చెప్పులు విడిచి పైకి వెళ్లారు. దిగేసరికి ఒకటి తూర్పున, ఒకటి పడమర. తూర్పు పాకలో గుట్టంత ఎడమ చెప్పులు. ఆయన గుట్టను చూసి, గుమాస్తాను చూసి, కింది మెట్టు మీద కూర్చుండిపోయారు.

నాగరత్నం లేచింది. తూర్పు పాకలోకి వెళ్లి మందపాటి చెప్పు తీసుకుంది. పడమటి పాకలోకి వెళ్లి దాని జత తీసుకుంది. రెండూ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఏసుకోండి మాస్టారూ."

"నీకేమైనా ఇబ్బంది అవుతుందేమోనమ్మా."

"అవుతాదండి. ముందు మీరు ఏసుకోండి."

గుమాస్తా కుర్చీలోంచి లేచి, "ఈయనెవరో నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసండి. ముత్యాలరావు మాస్టారు. మీరు దంగేటి వారి అల్లుడు. మీ ఆవిడ కమలకు పోయినేడు ఇక్కడే పుస్తె జారిపోతే నేనే దొరకబుచ్చి ఇచ్చాను. ఇంకా ఎవరిని చెప్పమంటారు?"

గుమాస్తా అన్నీ రాశాడు. తన భార్య పేరు దగ్గర కాస్త ఆగి, అదీ రాశాడు.

మెమో వచ్చింది. 'బహిరంగముగా, ఉద్దేశపూర్వకముగా, ముగ్గురు వ్యక్తులను గుర్తుపట్టిన అపరాధమునకు' స్టాండు పాట రద్దయింది. రుద్రరాజు గారు మెమో తన చేత్తోనే ఇచ్చారు. ఇస్తూ, "నువ్వెవరో నాకు తెలియదు కానీ, మంచిదానివని విన్నానమ్మా," అన్నారు. ఆయన గొంతు నిజంగానే కాస్త తగ్గింది.

దేవస్థానం హద్దు కొండ కింద సిమెంటు తోరణం దగ్గర అయిపోతుంది. తోరణం అవతల సూరిబాబు అన్నగారి ఖాళీ స్థలం ఉంది. నాలుగు రోజుల్లో అక్కడ రేకుల పందిరి లేచింది. కొత్త బిళ్లలు, కొత్త మేకులు. ఎడమా కుడీ పక్కపక్కనే. మొదటి ఆదివారానికే దేవస్థానం పాకలు రెండూ ఖాళీ అయ్యాయి. భక్తులు తోరణం దగ్గరే చెప్పులు విడిచి, ఉత్తకాళ్లతో కొండ ఎక్కారు. దీన్ని కూడా రుద్రరాజు గారు భక్తి పెరగడం కిందే నివేదించారు.

ఎండలు ముదిరాక ఒక మిట్టమధ్యాహ్నం మధుకర్ కారులో వచ్చాడు. దేవస్థానం మీద ఓడిపోయినా పేటెంటు చెల్లుతుందని తీర్పులో ఉంది కాబట్టి, కంపెనీ ఇప్పుడు నాగరత్నానికి నోటీసు పంపింది. తపాలాలో పోతుందేమోనని చేతికే ఇచ్చి రమ్మన్నారు. కొండదాకా వచ్చి స్వామిని చూడకుండా వెళ్లడం బాగుండదని మధుకర్ ముందు దర్శనం పెట్టుకున్నాడు. ఆ పందిరి కింద ఉన్నది ఎవరో తెలుసుకోకుండానే, నిగనిగలాడే బూట్లు విప్పి ఇచ్చి, బిళ్ల జేబులో వేసుకుని వెళ్లాడు.

దిగివచ్చేసరికి కొండ దారి పెనంలా ఉంది. మధుకర్ గెంతుతూ పందిరి దాకా వచ్చాడు. పందిరి నీడ బల్ల దగ్గరే ఆగిపోయింది, అతను నిలబడ్డచోట ఎండే. పేరు అడిగి, ఈమే నాగరత్నమని తెలిసి, సంచిలోంచి అట్టకవరు తీశాడు.

"ఇందులో ఏం రాశారండి?" అంది నాగరత్నం.

"మీరు టోకెన్లు ఇచ్చి చెప్పులు పెట్టుకోవడం మా పేటెంటుకు భంగం. ఈ క్షణం నుంచి ఆపెయ్యాలి."

"ఈ క్షణం నుంచేనాండి?"

"ఈ క్షణం నుంచే."

"ఆయ్. ఆపేశానండి."

ఆమె బల్ల వెనక కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. మధుకర్ ఒక కాలు పైకెత్తి, ఆ తరువాత రెండోది ఎత్తాడు.

"నా బూట్లు," అన్నాడు.

"ఏ బూట్లండి?"

అతను జేబులోంచి బిళ్ల తీశాడు. నాగరత్నం దాన్ని చూసి, తాకకుండా తల పక్కకు తిప్పుకుంది.

"అది చూసి తీసివ్వడం ఇప్పుడే ఆపించేశారు కదండి."

"నన్ను చూశావు కదమ్మా ఇందాక. గుర్తులేనా?"

"గుర్తుపడితే అది ఇంకో భంగమండి. ఆ సంగతి మీ కంపెనీవోళ్లే రాశారు."

పందిరి మేకుకు అతని బూట్లు రెండూ లేసులతో కలిపి కట్టి వేలాడుతున్నాయి. డ్రైవరు కారు ఏసీ వేసుకుని దూరంగా చింతచెట్టు కింద నిద్రపోతున్నాడు. మధుకర్ కారు వైపు చూశాడు. మధ్యలో పరిచి ఉన్న తారురోడ్డును చూశాడు. కాళ్లు మార్చి మార్చి ఎత్తుతూ కాసేపు న్యాయం గురించి ఆలోచించాడు. ఆ తరువాత అట్టకవరును నేల మీద పరిచి, దాని మీద రెండు పాదాలూ ఆనించి నిలబడి, బిళ్ల ముందుకు చాచాడు.

నాగరత్నం బిళ్ల అందుకుని, మేకు మీదనుంచి బూట్లు దించింది.

"ఎడమదీ కుడిదీ రెండూ మీవేనో కాదో చూసుకోండి," అంది.